లాప్‌టాప్‌కి నూనె

మొగుడు పోయిన మనిషి ఏడవాలి. ఎక్కడా రాసిపెట్టి లేదు గానీ, ఈ సంగతి వీధిలో అందరికీ కంఠతా వచ్చు. కాజాలావిడ మాత్రం ఏడవలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళకి కుర్చీలు వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది, కళ్ళు తుడుచుకోవడానికి గుడ్డ కూడా ఇచ్చింది. అంచు మడిచి కుట్టిన శుభ్రమైన గుడ్డ. ఎలాగైనా ఏడిపించాలని కంకణం కట్టుకుని వచ్చిన ఒకరిద్దరు "ఎంత మంచివాడమ్మా" అని మొదలుపెట్టి, ఎదుటి మొహంలో చలనం కనబడక, చివరికి తామే నాలుగు చుక్కలు రాల్చి, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. గుమ్మం దిగగానే "రాయి" అన్నారు. ఆ మాట ఆవిడకి వినబడింది. వినబడినా ఏమీ అనిపించలేదు.

రాయి కాదు. చాలాసేపు ఒకే పక్కన పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుంది చూడండి, గిల్లినా తెలియదు, అది మన చెయ్యే అన్న నమ్మకం కూడా ఉండదు. ఆవిడకి మనిషి మొత్తం అలా అయింది. కూరలో ఉప్పు లేకపోయినా తెలియడం లేదు, రెండుసార్లు పడినా తెలియడం లేదు. టీ పెట్టుకునేది, అది చల్లారిపోయేది, పారబోసి కప్పు కడిగేది. మర్నాడూ అంతే.

కాజాలావిడ అన్నది వీధి పెట్టిన పేరు. చొక్కాలకీ, కోట్లకీ, స్వెట్టర్లకీ గుండీలు పట్టే కాజాలు చేత్తో కుట్టడంలో ఆవిడది తిరుగులేని చెయ్యి. చొక్కా చివికిపోయి మసిగుడ్డ అయ్యాక కూడా ఆవిడ కుట్టిన కాజా మాత్రం కళ్ళు తెరుచుకుని చూస్తూనే ఉంటుందని చెప్పుకునేవారు. భర్తని డిజైన్లాయన అనేవారు. ఇద్దరిదీ ఒకటే షాపు. ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు, గోడవారన మంచమంత ఎంబ్రాయిడరీ మిషను, దాని పక్కన చిన్న బల్ల, బల్ల మీద లాప్‌టాప్. బడిపిల్లల స్వెట్టర్ల మీది బొమ్మలు, హోటలు తువ్వాళ్ళ మీది పేర్లు, కాపలావాళ్ళ టోపీల మీది నక్షత్రాలు, అన్నీ ఆ లాప్‌టాప్‌లో పుట్టి, పెన్‌డ్రైవ్ ఎక్కి, మిషనులోకి దిగి, దారమై గుడ్డ మీదికి వచ్చేవి. ఆ దారి ఆయనకొక్కడికే తెలుసు. "నీ కాజాలు నీవి, నా డిజైన్లు నావి" అనేవాడు. ఇన్నేళ్ళ కాపురంలో పెద్ద గొడవలు రాకపోవడానికి కారణం ప్రేమా, ఈ సరిహద్దా అని అడిగితే, ఆవిడ సరిహద్దే అని చెప్పేది.

ఒక మధ్యాహ్నం, స్వెట్టర్ల పని సగంలో ఉండగా, ఆయన ఛాతీ పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. "కాస్త నీళ్ళివ్వు" అన్నాడు. ఆవిడ చేతిలో ఉన్న కాజాకి చివరి ముడి వేసి, దారం తెంపి లేచింది. గ్లాసు పట్టుకుని తిరిగొచ్చేసరికి ఇక నీళ్ళతో పని లేకపోయింది. ఈ ముడి సంగతి ఎవరికీ తెలియదు.

దినాలు గడిచాక బావగారు వచ్చారు, అంటే ఆయన అన్న. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఆవిడ పని కొంచెం సులువయ్యేది.

"చూడమ్మా, ఆ పెద్ద మిషను ఊరికే పడుంటే తుప్పు పడుతుంది. కొనేవాడొకడున్నాడు. షాపుకి తాళం వేసేద్దాం. మా ఇంట్లో వెనకగది ఖాళీగానే ఉంది. నువ్వేమన్నా పరాయిదానివా?"

"సరే బావగారూ."

ఈమధ్య ఆవిడ నోట వచ్చే మాట అదొక్కటే. పాలు వెయ్యనా అంటే సరే, వద్దా అంటే సరే. బావగారు తేలికపడి, మూల ఉన్న స్వెట్టర్ల మీద చెయ్యి వేశారు. "ఇవి బడికి తిరిగి పంపించేస్తాను."

ఆవిడ అటు చూసింది. ఒక దొంతరలో ఛాతీ మీద ఎగిరే పిట్ట ఉన్నవి, పక్క దొంతరలో ఏమీ లేనివి. మిషను చట్రంలో ఒక స్వెట్టరు ఇంకా బిగించే ఉంది. దాని మీద పిట్టకి ఒక్కటే రెక్క. ఆ రోజు గందరగోళంలో ఎవరో మిషను ఆపేశారు.

"ఇవయ్యాక" అంది.

"ఎవరు చేస్తారమ్మా?"

"నేనే."

బావగారు నవ్వలేదు, అదే ఆయన మంచితనం. కాసేపు తల గోక్కుని, "సరే, నెలాఖరుకి కొనేవాణ్ణి తీసుకొస్తాను. అప్పటికి నీ చేతిలో మిషను నడుస్తుంటే దాని జోలికి రాను. నడవకపోతే మాత్రం నా మాట వినాలి" అన్నారు.

షాపు మీద మమకారమా అంటే కాదు, పంతమా అంటే అదీ కాదు. సగం కుట్టిన పని వదిలెయ్యడం ఆవిడకి చేతకాదు, అంతే. వెనకగది గురించి కూడా ఆలోచించింది. కిటికీ దగ్గర కూర్చుని, ఎవరో తెచ్చిచ్చిన గుండీలు కుడుతూ, పిలిస్తే వెళ్ళి తింటూ, అలా ఉండిపోగలనని ఆవిడకి తెలుసు. ఉండిపోగలనన్నదే భయపడాల్సిన సంగతి. ఆ భయం కూడా రాలేదు.

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఈ ఆడబిడ్డ అర్ధమొగుడూ, ముప్పాతిక పంతులమ్మానూ. రోజంతా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. అన్న పోయినప్పుడు వదిన వాటా కూడా తానే ఏడ్చేసింది. సాయంత్రాలు ఆఫీసు నుంచి సరాసరి షాపుకి వచ్చి, లాప్‌టాప్ ముందు వదినని కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టింది.

"ఇదేంటి చెప్పు?"

"మూత."

"మూత కాదు వదినా, స్క్రీను."

"తీస్తున్నాం, వేస్తున్నాం. మూతే."

"సరే, మూతే. మూతకి లోపలివైపు స్క్రీను. కిందది కీబోర్డు. ఈ నున్నటి పలక టచ్‌ప్యాడ్, దీని మీద వేలు పెట్టి మెల్లగా జరపాలి. మెల్లగా తల్లీ, ఇస్త్రీ చేస్తున్నట్టు నొక్కకు!"

బాణం గుర్తు తెర మీద ఓ మూలకి పారిపోయి మళ్ళీ కనబడలేదు. దాన్ని వెతికి పట్టుకొచ్చేసరికి ఆడబిడ్డకి తల ప్రాణం తోకకొచ్చింది. వదిన మాత్రం విసుగూ లేకుండా, సిగ్గూ లేకుండా, చెప్పిన చోట వేలు పెట్టి కూర్చుంది.

రెండో సాయంత్రం లాప్‌టాప్ పక్కలకి వచ్చారు. ఆవిడ దాన్ని చేతుల్లోకి తీసుకుని, చొక్కా పక్కకుట్టు చూసినట్టు, కుడివైపూ ఎడమవైపూ తిప్పి చూసింది.

"ఈ కన్నాలేంటే?"

"పోర్టులంటారు. ఈ గుండ్రందాంట్లో చార్జరు పెడతాం. పలకగా ఉన్నవి యు.ఎస్.బి.లు, ఎడమపక్క రెండు, కుడిపక్క ఒకటి. పెన్‌డ్రైవ్ వీటిలోకే పోతుంది. కింద మూలలు కోసినట్టుంది చూడు, అది టీవీకి తగిలించుకోడానికి. ఈ మెట్టులాంటిది ఉన్నది ఇంటర్నెట్ తీగకి. బుల్లి గుండ్రంది ఇయర్‌ఫోన్లకి. ఈ సన్న చీలిక కార్డుకి."

"అంటే కాజాలు."

ఆవిడ ఒక్కో కన్నం మీదా వేలు పెట్టి చూసుకుంటూ వచ్చింది.

"ఏ గుండీ ఏ కాజాలో పడుతుందో తెలిస్తే చాలు. అంతేగా?"

"అంతే" అంది ఆడబిడ్డ. ఆఫీసులో చేరిన కొత్తలో ఆ ముక్క తనకెవరైనా చెప్పి ఉంటే బాగుండేదనుకుంది.

పెన్‌డ్రైవ్ పెట్టబోతే దూరలేదు. తిరగేసి పెట్టింది, దూరలేదు. మళ్ళీ తిరగేస్తే దూరింది.

"మొదట పెట్టిందీ ఇలాగే కదే?"

"అందరికీ అంతే వదినా. మా మేనేజరుకీ అంతే."

"దీనికీ అసలువైపు, తిరగవైపు ఉన్నాయన్నమాట."

మర్నాడు ఆడబిడ్డ వచ్చేసరికి బల్ల అంచున మందపాటి గుడ్డపట్టీ ఒకటి గుండుసూదులతో గుచ్చి ఉంది. దాని మీద వరసగా కాజాలు. పలకగా మూడు, గుండ్రంగా పెద్దదొకటి చిన్నదొకటి, మూలలు కోసినది, మెట్టున్నది, సన్న చీలిక. లాప్‌టాప్‌కి ఏ పక్కవి పట్టీలో ఆ పక్కనే ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక్కో రంగు దారం. ఆవిడ కళ్ళు మూసుకుని వేలితో తడుముతూ, "ఇది తీగది, ఇది టీవీది, ఇది మనది" అంటోంది.

"ఇలా కూడా చదువుకుంటారా ఎవరన్నా?"

"చూస్తే గుర్తుండదే నాకు. కుడితే గుర్తుంటుంది."

ఆ సాయంత్రమే స్వెట్టరు డిజైను దొరికింది. నొక్కగానే తెర నిండా పిట్ట వచ్చి వాలింది, రెండు రెక్కలతో. ఆడబిడ్డ "అన్నయ్యా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాజాలావిడ పిట్టని చూసింది. కుట్లు ఎటు నుంచి ఎటు పోతాయో చూసింది. రెక్క అంచు కొంచెం ఒత్తుగా ఉందనుకుంది. అంతకుమించి ఏమీ రాలేదు. ఆదివారం ఆడబిడ్డకి సెలవు, ఆ రోజు పెద్ద మిషను పని పడదామని అనుకున్నారు.

ఆదివారానికి ముందు శనివారం వచ్చింది. అదే వచ్చిన చిక్కు.

శనివారం మిషన్లకి నూనె వేసే రోజు. ఆయన ఉన్నప్పుడు ఆయన వేసేవాడు. ఇప్పుడు ఆవిడ పొడుగుముక్కు నూనెడబ్బా తీసుకుని రెండు కుట్టుమిషన్లకీ వేసింది, పెద్ద మిషనుకీ వేసింది. అప్పుడు లాప్‌టాప్ గర్రుమంది. నిన్నా మొన్నా కూడా గర్రుమంటూనే ఉంది. మిషను గర్రుమందంటే ఏం కావాలో దర్జీ ఇంట్లో ఎవర్నడిగినా చెబుతారు. ఆయన దీనికి నూనె వెయ్యగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు. నిజమే, కానీ ఆయన పని చేస్తుంటే ఆవిడ ఎప్పుడు చూసింది గనక? ఎవరి సరిహద్దులో వాళ్ళుండేవారు కదా. గాలి వచ్చే గాట్లలో చుక్కలు వేసింది. పెన్‌డ్రైవ్ కాస్త బిగుతుగా పడుతోందని ఎడమపక్క పలక కాజాలు రెండింట్లోనూ వేసింది. పొదుపు చెయ్యలేదు, దిట్టంగానే వేసింది. మెత్తటి గుడ్డతో పైన తుడిచింది. కుడిపక్కకి వచ్చేసరికి డబ్బాలో నూనె అయిపోయింది.

కాసేపటికి లాప్‌టాప్ వేడెక్కింది, కమురు వాసన వేసింది, ఆరిపోయింది.

ఆదివారం పొద్దున్న ఆడబిడ్డ దాన్ని ఎత్తి చూస్తే వేళ్ళకి జిడ్డు అంటింది.

"నూనె పోశావా? లాప్‌టాప్‌కి? ఇంకా నయం, తాలింపు పెట్టలేదు! నేనొచ్చేదాకా ఆగలేకపోయావా వదినా? అన్నయ్య చేసినవన్నీ దీంట్లోనే ఉన్నాయే! నెలాఖరుకి పెద్దన్నయ్య వస్తే ఏం చెబుతావు?" ఆ పిల్లకి తిట్టాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

కాజాలావిడ తన చేతులు చూసుకుంటూ కూర్చుంది.

"నాకేమీ అనిపించడం లేదే" అంది చివరికి. "తిట్టినా అనిపించడం లేదు. మీ అన్నయ్య నీళ్ళడిగితే నేను కాజా ముడి వేసి మరీ లేచాను. దారం కూడా తెంపాను. అప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. నాకేదో అయింది."

ఆడబిడ్డ ఏడుపు అక్కడే ఆగిపోయింది. తర్వాత ఆడబిడ్డ లేచి, లాప్‌టాప్‌ని పాత దుప్పట్లో చుట్టి, "పద" అంది.

రిపేరు షాపాయన విప్పిన స్క్రూలు పెదాల మధ్య పెట్టుకుని మాట్లాడతాడు. డిజైన్లాయన గుండుసూదులు అలాగే పెట్టుకునేవాడు. కాజాలావిడ ఆ పెదాల వంక చూసి, చూపు తిప్పుకుంది.

వెనక పలక ఊడదీశాక ఆయన స్క్రూలు గిన్నెలో ఉమ్మి, "ఎవరమ్మా ఈ అభిషేకం చేసింది?" అన్నాడు.

"నేనేనండీ. గర్రుమంటుంటే."

ఆయన నవ్వబోయి ఆవిడ మొహం చూసి మానుకున్నాడు. పుల్లతో ఒక్కొక్కటీ చూపించాడు. ఈ నల్లటి అట్టలాంటిది బాటరీ. పచ్చటి పలక మదర్‌బోర్డు, మిగతావన్నీ దాన్ని పట్టుకునే బతుకుతాయి. ఈ చిన్న డబ్బీ డిస్కు, దాచుకున్నవన్నీ దీంట్లోనే ఉంటాయి. దీనికేం కాలేదు, మీ అదృష్టం. ఈ గుండ్రటిది ఫాను. గర్రుమన్నది ఇదే.

ఫాను తీసి, దాని వెనక రేకుల మధ్యకి పట్టకారు దూర్చి లాగాడు. అరంగుళం మందాన నూగు, ముద్దగా, ఒక్కటే ముక్కగా ఊడి వచ్చింది.

"ఇదేంటమ్మా, దుప్పటి ముక్కా? మామూలుగా పొడిపొడిగా రాలుతుంది. నూనె పడబట్టి ఇలా అతుక్కుపోయింది." చెత్తడబ్బా వైపు చెయ్యి చాపాడు.

"ఆగండి" అంది కాజాలావిడ.

ఆయన చేతిలోంచి దాన్ని తీసుకుని పక్కకి తిప్పింది. పక్కనుంచి చూస్తే అది పొరలు పొరలుగా ఉంది. అడుగున లేతనీలం. అది పసిపిల్లల దుప్పట్లది, లాప్‌టాప్ కొన్న కొత్తలో వచ్చిన పని. ఆయన మొదటి దుప్పటి మీద బాతుబొమ్మ తలకిందులుగా కుట్టి, రోజంతా మాట్లాడకుండా కూర్చున్నాడు. దానిపైన తెల్లగా హోటలు తువ్వాళ్ళు. నల్లగా కాపలావాళ్ళ ఉన్నిటోపీలు. మళ్ళీ తెలుపు. సన్నగా పసుప్పచ్చ గీత ఒకటి, అది ఎవరి కోసమూ కాదు, ఆవిడ శాలువా మీద ఆయన అడక్కుండా కుట్టిన పువ్వు. ఆపైన మందంగా ముదురెరుపు, బడి స్వెట్టర్లది.

అన్నిటికంటే పైన బూడిదరంగు. ఏ గుడ్డదీ కాదు, ఏ దారానిదీ కాదు. పని ఆగిపోయిన షాపులో లాప్‌టాప్ ఒక్కటే తిరుగుతూ పీల్చిన ఉత్త దుమ్ము. ఆ పొర ఎవరిదో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మొన్నటిదాకా ఇంత రంగు ఉన్న చోట తాను వేసిన పొర అది. అరచేతిలో ఎక్కడో చిన్నగా చురుక్కుమంది. చాలా రోజుల తర్వాత ఆవిడకి ఏదో తెలిసింది. అది ఏమిటో మాత్రం తెలియలేదు.

"పారెయ్యనా?" అన్నాడాయన.

"వద్దండీ. నాతో తీసుకెళ్తాను."

కొత్త ఫాను పడింది. ఎడమపక్క పోర్టులు రెండూ పోయాయి, కుడిపక్కది పనిచేస్తుందన్నాడు. "ఇకమీద నూనె మాట తలపెట్టకండి. వారానికోసారి మెత్తటి బ్రష్షు చాలు" అని సాగనంపాడు. ఇంటికి వచ్చి ఆవిడ మొట్టమొదట చేసిన పని, గుడ్డపట్టీ మీద ఎడమపక్క పలక కాజాలు రెండూ కుట్టి మూసెయ్యడం.

తర్వాత పని నత్తనడకన సాగింది. పెన్‌డ్రైవ్ కుడి కాజాలో పెట్టింది, పిట్టని ఎక్కించింది, పెద్ద మిషనులోకి దించింది. మొదటి స్వెట్టరు మీద పిట్ట బొక్కబోర్లా పడింది. రెండోదాని దారం మధ్యలో తెగింది. ఆవిడ కుట్లు విప్పింది, మళ్ళీ బిగించింది. విప్పడంలో ఆవిడని మించినవాళ్ళు లేరు. నాలుగోది నిలబడింది.

నెలాఖరున బావగారు కొనేవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చేసరికి మిషను టకటకలాడుతోంది. కొనేవాడు చుట్టూ తిరిగి, తొంగిచూసి, "బ్రహ్మాండంగా నడుస్తోందండీ, ఇప్పుడే బండి పిలిపిస్తాను" అన్నాడు.

"బావగారూ, కాస్త పక్కకి జరగమనండి. వెలుతురు అడ్డం" అంది కాజాలావిడ తలెత్తకుండా.

బావగారు ఒకసారి మరదలిని చూశారు, ఒకసారి దొంతర చూశారు. పిట్టలున్నది పెద్దదైంది, లేనిది చిన్నదైంది. "నడిస్తే అమ్మననే చెప్పానండీ. నడవదనుకుని మిమ్మల్ని పిలిచాను, అది నా తప్పు" అని కొనేవాడి భుజం మీద చెయ్యి వేసి బయటికి నడిపించారు. వెనకగది మాట మళ్ళీ ఎత్తలేదు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి "అన్నం తింటున్నావా అమ్మా?" అని మాత్రం అడిగారు.

"సరే" అంది ఆవిడ. అలవాటు.

చివరికి ఒక్కటే మిగిలింది, ఒంటిరెక్క పిట్ట. దాన్ని మళ్ళీ మిషనుకి ఇవ్వబుద్ధి కాలేదు. రెండో రెక్క చేత్తో కుట్టింది. దగ్గరగా చూస్తే ఒక రెక్క మిషనుదనీ, ఒకటి చేతిదనీ తెలుస్తుంది. బడిపిల్లల్ని అంత దగ్గరగా చూసేదెవరు? ఇక కాజాలు మిగిలాయి. మీదనుంచి కిందికి కుట్టుకుంటూ వచ్చింది. ఆఖరి కాజా అంచు తిరిగి, ముడి వెయ్యడానికి దారం చుట్టే వేళకి ఆడబిడ్డ ఆఫీసు నుంచి వచ్చి, సంచీ పక్కన పడేసి, ఆ స్టూలు మీదే కూలబడింది.

"ఉస్సురంటోంది వదినా. కాస్త నీళ్ళివ్వు."

ఆవిడ లేచింది. లేచానని తెలిసేలోపే వంటింట్లో ఉంది, గ్లాసు నిండి వేళ్ళ మీదుగా నీళ్ళు కారుతున్నాయి, మళ్ళీ స్టూలు ముందు ఉంది. ఆడబిడ్డ గుటకలు వేస్తుంటే కళ్ళార్పకుండా చూసింది.

"అంత పరుగెందుకు? ముడేసుకుని తేవచ్చుగా..." అనేసింది ఆడబిడ్డ. అన్నాక ఆ మాట తనకే వినబడింది. గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది.

"తాగు" అంది కాజాలావిడ. "మొత్తం తాగు."

ఆడబిడ్డ మొత్తం తాగి, ఖాళీగ్లాసు చూపించింది. అప్పుడు ఏడ్చింది కాజాలావిడ. వీధి ఇంతకాలం ఎదురుచూసిన ఏడుపు. తిమ్మిరి పట్టినప్పుడు నొప్పి ఉండదు, అది వదిలేటప్పుడే ఉంటుంది. నేల మీద కూర్చుని, ఆడబిడ్డ మోకాళ్ళు పట్టుకుని, ఆయన్ని పిలిచి పిలిచి ఏడ్చింది. వెనక స్వెట్టరు మిషను మీంచి సగానికి జారింది. ఆఖరి కాజా నుంచి ముడి పడని దారం, సూదితో సహా, కిందికి వేలాడుతోంది.